కాజా

పలాసలో పిక్కల బట్టీ పక్కన రేకుల గది.
అందులో ఒక కాటా, ఒక పాత కంప్యూటరు, నేను.
తూకాల పుస్తకం మానిపించి
లెక్కంతా తెర మీదికి ఎక్కించమన్నాడు షావుకారు.

మొదట వేలిముద్రల యంత్రం తెచ్చాడు.
పద్దెనిమిది మంది వరసకట్టి వేళ్లు పెట్టారు.
అది ఒక్కరినీ గుర్తుపట్టలేదు.
జీడిరసం తిన్న వేళ్లు మరి,
ఆముదం రాసినా, బూడిద అద్దినా
గీతలు ఎప్పుడో కరిగిపోయాయి.
"ఎర్రి మిసనా, నాను దాలమ్మనే గదా!"
అని దానికే నచ్చజెప్పి చూసింది దాలమ్మ.

అందుకని బొత్తాలు పెట్టాను, మనిషికొకటి.
తెర మీద బొత్తాం పెట్టడం ఏమంత పని కాదు.
ఇంత వెడల్పు, ఇంత ఎత్తు, మీద పేరు.
చదువు రాని వాళ్లకి పేరు పక్కన బొమ్మ.
తవిటమ్మ తాబేలు అడిగింది,
బృందావతి మందస బస్సు.
"నాకు కత్తిపీట ఎట్టు" అంది దాలమ్మ.

నొక్కితే దిగింది. వదిలితే లేచింది.
అంతే. ఇంకేమీ జరగలేదు.

ఆ రాత్రి కాశీబుగ్గలో మా నాన్న
ఎవరిదో పెళ్లిచొక్కాకి కాజాలు తీస్తూ విని నవ్వాడు.
"బొత్తాం ఎవుడైనా కుడతాడే.
కాజా లేకుంటే అది దేన్ని పట్టుకుంటాది?"

నిజమే.
నొక్కడం ఒక వైపు గుడ్డ,
జరగాల్సింది ఇంకో వైపు గుడ్డ.
మధ్యలో కోసి, అంచు పీచులు లేవకుండా
చుట్టూ దారం తిప్పాలి.
నాలుగు వరసలు రాశాను:
నొక్కగానే కాటా వైపు చూడు,
అంకె నిలకడయ్యేదాకా ఆగు,
ఆ పేరు కింద కలుపు,
కలిపింది పైకి చదువు.

"దాలమ్మ, నాలుగు కిలోల రెండొందల గ్రాములు"
అంది మర్నాడు పెట్టె.
ఆమె వెనక్కి తిరిగి వరసలో అందర్నీ చూసింది.
నమ్మకం కుదరక మళ్లీ నొక్కింది.
ఎనిమిది కిలోల నాలుగొందలు.
దుర్యోధన మేస్త్రీ బల్ల దాటి వచ్చాడు, "దొంగనెక్క!" అని.
తప్పు నాది.
అనుమానంతో కూడా మనిషి నొక్కుతుందని
నేను లెక్కేసుకోలేదు.

మధ్యాహ్నం అన్నం మానేసి సరిచేశాను:
ఒకసారి నొక్కాక బొత్తాం బూడిదరంగుకి పోతుంది,
కాటా ఖాళీ అయ్యేదాకా లేవదు.
"ఏటే గుంటా, నా బొత్తాం సచ్చిపోనాదా?"
"నీ తట్ట దించు, లేస్తాది."
దించింది. లేచింది.
పెట్టి నొక్కి, దించి,
మళ్లీ పెట్టబోతుంటే వెనకనించి తవిటమ్మ
"బేగి కానీయే, నా తాబేలు సూస్తోంది" అంది.

శనివారం షావుకారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
"ఇంకో బొత్తాం కావాలమ్మా. నా ఒక్కడికే.
నొక్కితే తలకి యాభై గ్రాములు తరుగు పోవాలి.
పైకి చదవక్కర్లేదు."

పెట్టాను. ఎర్రగా, కింది మూలన,
అంచులు గుండ్రంగా చెక్కి మరీ.

కోటు చేతుల మీద మా నాన్న
మూడేసి బొత్తాలు కుడతాడు.
వాటికి కాజాలుండవు.
ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

రోజూ సాయంత్రం ఆయన వచ్చి నొక్కుతాడు.
దిగుతుంది. లేస్తుంది.
టిక్కుమని చిన్న చప్పుడు కూడా పెట్టాను.
నెలాఖరుకి లెక్క చూస్తాడు.
ఇవాళ పదిహేడు.

అందరూ వెళ్లాక మౌసు తుడుద్దామని
దీపం కిందకి తెచ్చాను.
ఎడమ మీట ఆముదంతో జిడ్డుగా, నల్లగా ఉంది.
ఆ మరకలో ఒక్క గీత లేదు.

గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను.